షెడ్డుకి మందం వైరు వేస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ఇంటి దగ్గరే కారు చార్జింగ్ పెట్టుకోవడం గురించి వేసిన వ్యాసం చదివాను. ఏ కారుకి ఏ చార్జరు, ఎంత ఖర్చు, రాత్రికి ఎన్ని గంటలు అన్నీ ఓపిగ్గా రాశారు. అయితే అందులో ఒక వాక్యం ఉంది: ఇంటి మెయిన్ బోర్డు నుంచి షెడ్డు దాకా మందమైన వైరు లాగి, దానికి తగ్గ ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడి సప్లై ఆపే బ్రేకరు) పెట్టిస్తే చాలని. చాలదండీ. ఆ ఒక్క మాటను నమ్మి పని చేయించుకునేవాళ్లు మన విశాఖలో చాలామంది ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, మన్నించాలి. కుదించి వేసినా ఎర్తు గురించి రాసిన భాగాన్ని మాత్రం తీసేయకండి.

నేను కంచరపాలెం ఐటీఐలో చదువుకుని, ఓడల మీద ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చాలా ఏళ్లు చేసి రిటైరైన మనిషిని. ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటున్నాను. తెలిసినవాళ్లు పిలిస్తే వెళ్లి చూసిపెడతాను తప్ప కాంట్రాక్టులు చేయను. అలా వెళ్లిన చోటల్లా ఈ మధ్య కనిపిస్తున్నది ఒకటే. ఇంటి వైరింగు మీద లక్షలు పోసినవాళ్లు కూడా షెడ్డు దగ్గరికొచ్చేసరికి "అక్కడ ఒక ప్లగ్గు పాయింటే కదా" అనేస్తున్నారు.

మన ఊళ్లో షెడ్లు ఇంటికి అతుక్కుని ఉండవు. గోపాలపట్నం, పెందుర్తి వైపు పాత స్థలాల్లో మీటరు ముందు గోడకి ఉంటే షెడ్డు వెనక పెరట్లో ఉంటుంది. కొండవాలు ఇళ్లలో తిరగబడి ఉంటుంది వ్యవహారం. ఇల్లు పైన, కారు కింద రోడ్డు పక్కన. మధ్యలో మెట్లు, రిటైనింగు గోడ, పూలమొక్కలు. మీటరు నుంచి చార్జరు దాకా వైరు నడిచే దారి కొలిస్తే 30, 40 మీటర్లు అవలీలగా వస్తుంది. నిన్నటిదాకా ఆ షెడ్డులో ఒక ట్యూబులైటు, పిల్లల సైకిళ్లు. ఇవాళ అక్కడికే 7.4 కిలోవాట్ల చార్జరు వస్తోంది. కొందరికి ఎయిర్ కంప్రెసరు, వెల్డింగు సెట్టు. ట్యూబులైటు కోసం లాగిన దారినే వీటికీ వాడుకుందామంటే కుదరదు.

7.4 కిలోవాట్లంటే 230 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లు. "మా గీజరు కూడా లోడే కదా" అంటారు. గీజరు 2 కిలోవాట్లది, 9 ఆంపియర్లు తీసుకుని పావుగంటలో నీళ్లు కాగాక ఆగిపోతుంది. కారు అలా కాదు. సాయంత్రం పెడితే తెల్లవారుజాము దాకా అదే 32 ఆంపియర్లు, గుక్క తిప్పుకోకుండా. వైరు వేడెక్కడానికైనా, స్క్రూ కింద లూజుగా ఉన్న చోటు మాడిపోవడానికైనా కావలసినంత టైము దొరుకుతుంది. పైగా రేకుల షెడ్డు. మే నెలలో రాత్రి పది దాటినా రేకు కింద గాలి చల్లబడదు. వైరు కంపెనీవాళ్లు పట్టికలో ఇచ్చే ఆంపియర్లు ఫలానా వేడిలో, ఫలానా పద్ధతిలో వేస్తేనని చిన్న అక్షరాల్లో రాస్తారు. వేడి పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గించుకోవాలి.

చిన్న కారు చార్జర్లకైతే 15, 16 ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుందని మీ వ్యాసంలో రాశారు. అంకెల్లో సరిపోతుంది. అదే సాకెట్టుని ఆరేడు గంటలు నిండు లోడు మీద ఉంచి, తర్వాత ప్లగ్గు పిన్నులు చేత్తో పట్టుకుని చూడండి. మామూలు గోడ సాకెట్టు లోపలి బిగింపు రోజూ పీకి పెట్టడంతో వదులైపోతుంది. కారుకోసం పెట్టేది నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్టు అయినా ఉండాలి, లేదా చార్జరు నేరుగా వైరుకి బిగించినదైనా ఉండాలి.

ఇక వైరు మందం. దీని మీద మాత్రం అందరికీ అభిప్రాయాలున్నాయి. కొట్టువాడికి ఒకటి, మేస్త్రీకి ఒకటి, ఇంటాయనకి ఇంకొకటి. నిజానికి ఇది అభిప్రాయాలతో తేలేది కాదు, లెక్క. రాగి వైరు కిలోమీటరు పొడుగుకి 4 స్క్వేరు ఎంఎందైతే సుమారు 4.6 ఓమ్‌లు, 6 స్క్వేరుది 3.1, 10 స్క్వేరుది 1.8 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. షెడ్డు 40 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు వెళ్లిరావడానికి 80 మీటర్లు. 32 ఆంపియర్లు నడిస్తే 4 స్క్వేరులో 12 వోల్టుల దాకా దారిలోనే పోతాయి. 6లో 8 వోల్టులు. 10లో 5 వోల్టుల లోపు. ఇవి చల్లని వైరు లెక్కలు, వేడెక్కాక ఇంకా పెరుగుతాయి. మీటరు నుంచి చివరి పాయింటు దాకా పడిపోయేది 5 శాతం, అంటే పదకొండున్నర వోల్టులు దాటకూడదని మేం చూసుకుంటాం. సాయంత్రం వీధి చివరి ఇళ్లకి 230 రాదన్నది మనకి తెలియని విషయం కాదు. మీటరు దగ్గరే 212 ఉంటే, 4 స్క్వేరు వైరుతో షెడ్డులో 200కి దిగుతుంది. కంప్రెసరు మోటారు స్టార్టింగులో మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి ఆ క్షణంలో ఇంకా కిందికి పోతుంది. మూలుగుతుంది, తిరగదు, కాయిలు కాలుతుంది. మోటారు రివైండింగువాడు బాగుపడతాడు.

పోయిన వోల్టులు ఊరికే పోవు, వైరులో వేడిగా మారతాయి. అదే 40 మీటర్ల దారిలో 4 స్క్వేరు వైరు 380 వాట్ల చొప్పున తింటుంది, 10 స్క్వేరు 150 వాట్లు. రోజూ ఆరు గంటలు చార్జింగు పెట్టేవాళ్లకి తేడా రాత్రికి యూనిట్టుంపావు పైనే. 10 స్క్వేరు ఖరీదు ఎక్కువని ముక్కు విరిచేవాళ్లు ఆ కాగితం మీదే ఈ లెక్క కూడా వేసుకోవాలి. ఖర్చు తగ్గాలంటే 16 స్క్వేరు అల్యూమినియం ఆర్మర్డు కేబులు, అంటే పైన ఇనప తీగల పొర ఉన్నది, ఉంది. నిరోధం దాదాపు 10 స్క్వేరు రాగికి సమానం. కానీ అల్యూమినియాన్ని తెచ్చి ఇత్తడి టెర్మినల్లో నేరుగా బిగిస్తే, ముఖ్యంగా లాసన్స్ బే, పెదవాల్తేరు లాంటి ఉప్పుగాలి తగిలే చోట, తెల్లటి పొడి పట్టి ఆ జాయింటు వదులవుతుంది. బైమెటల్ లగ్గు (ఒక వైపు అల్యూమినియం, ఇంకో వైపు రాగి ఉండే ముక్క) పెట్టి, గట్టిగా క్రింపు చేసి, అంటే నొక్కి పట్టించి, బిగించాలి. ఆ లగ్గు దొరకలేదని మెలితిప్పి దూర్చేసే మేస్త్రీ అయితే రాగే మేలు.

ఇంతవరకు మందం సంగతి. దీనికే సగం ఉత్తరం అయిపోయిందని నాకూ తెలుసు. కానీ మనుషులు పోయేది సాధారణంగా దీనివల్ల కాదు.

మా బావమరిది పెందుర్తి వైపు ఉంటాడు. పెరటి షెడ్డులో కంప్రెసరు, చిన్న వెల్డింగు సెట్టు పెట్టుకున్నాడు. కంప్రెసరు ఆన్‌లో ఉన్నప్పుడు షట్టరు ముట్టుకుంటే "జివ్వుమంటోంది" అని ఫోను చేశాడు. ముందు కంప్రెసరు ఆపి, షెడ్డు మెయిన్ దింపమన్నాను. వాడికి కోపం వచ్చింది. "ఏటి బావా, 32 ఆంప్స్ బ్రేకరుంది, ఎర్తుంది, 6 ఎంఎం వైరు లాగించాను. నిజంగా లీకుంటే బ్రేకరు పడిపోదా?" అన్నాడు. పడిపోదు. ఇదిగో, మీ వ్యాసం రాసిన వారికీ నేను చెప్పదలచుకున్నది ఇదే.

వెళ్లి చూశాను. కంప్రెసరు టెర్మినల్ బాక్సులో అదురుకి ఇన్సులేషను ఒరుసుకుపోయి ఫేజు బాడీకి తగిలింది. కంప్రెసరు బాడీ నుంచి ఇనప చట్రానికి, చట్రం నుంచి షట్టరుకి. షెడ్డు పక్కనే ఎర్తు గొయ్యి ఉంది, వైరు కూడా పక్కాగా బిగించి ఉంది. ఎర్తు టెస్టరుతో కొలిస్తే 40 ఓమ్‌లు చూపించింది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు, మిగతా దారి కలిపి ఇంకో 2 ఓమ్‌లు వేసుకోండి. 230ని 42తో భాగిస్తే ఐదున్నర ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఎంసీబీకి ఐదున్నర ఆంపియర్లంటే ఎవరో ఇస్త్రీ పెట్టె పెట్టుకున్నట్టే లెక్క. రాత్రంతా అలాగే ఉన్నా అది కదలదు. వెంటనే పడాలంటే, మన ఇళ్లలో పెట్టే సి రకం ఎంసీబీకి కనీసం ఐదు రెట్లు, అంటే 160 ఆంపియర్లు దాటాలి. ఈలోపు షట్టరు మీద వోల్టేజి ఎంత? ఐదున్నరని 40తో హెచ్చవేయండి. 220. రబ్బరు చెప్పులు, పొడి నేల కాబట్టి వాడికి జివ్వుమని ఊరుకుంది. తుఫాను వానలో, తడి కాళ్లతో, రెండు చేతులా పట్టుకుని ఆ షట్టరు ఎత్తే మనిషి సంగతి వేరు. అన్నట్టు ఆ లీకు గంటకి యూనిట్టుంపావు చొప్పున మీటరులోనూ తిరుగుతోంది. బిల్లు ఎందుకు పెరిగిందో కూడా వాడికి అప్పుడే తెలిసింది.

40 ఓమ్‌లు మరీ చెడ్డ ఎర్తు, బాగా వేస్తే ఆ గొడవ ఉండదు కదా అనొచ్చు. సరే, బాగానే వేద్దాం. 10 ఓమ్‌లు వచ్చిందనుకుందాం. 230ని 12తో భాగిస్తే 19 ఆంపియర్లు. ఎంసీబీ అప్పటికీ పడదు. షట్టరు మీద అప్పటికీ 190 వోల్టులుంటాయి. మన నేలలో గొయ్యి తీసి ఎంత బొగ్గు, ఎంత ఉప్పు పోసినా, ఒక్క పైపుతో 160 ఆంపియర్లు పారేంత మంచి ఎర్తు రావడం దాదాపు అసాధ్యం. అందుకని ఫేజు బాడీకి తగిలినప్పుడు మనిషిని కాపాడేది ఎంసీబీ కాదు, ఆర్‌సీసీబీ. వెళ్లే కరెంటుకీ తిరిగొచ్చే కరెంటుకీ తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరితే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా సప్లై కట్ చేస్తుంది. తేడా దానికి ఐదింతలైతే 40 మిల్లీ సెకన్లలో. మా బావమరిది షెడ్డులో ఐదున్నర ఆంపియర్లు లీకవుతున్నాయి, అంటే 5,500 మిల్లీ ఆంపియర్లు. ఆ పెట్టె ఉండుంటే మొదటి రోజే కంప్రెసరు నడవనిచ్చేది కాదు.

ఇక్కడ మా వృత్తిలో ఉన్న ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. ఎర్తు బాగుందా లేదా అని చూడటానికి ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు పెడతారు. ఫుల్లుగా వెలిగితే "ఎర్తు సూపరు సార్" అంటారు. మా వాడి షెడ్డులోనూ అలాగే చూపించి వెళ్లారట. ఆ బల్బు తీసుకునేది అర ఆంపియరు కూడా లేదు. 40 ఓమ్‌ల ఎర్తు మీద దానికి పోయేది 17, 18 వోల్టులు. కంటికి తేడా తెలియదు. బల్బు వెలగడం వల్ల తెలిసేదల్లా వైరు ఎక్కడా తెగలేదని. ఎర్తు ఎంతుందో చెప్పేది నేలలో మేకులు దిగ్గొట్టి కొలిచే టెస్టరు లాంటిదే, బల్బు కాదు. అది కూడా వానాకాలంలో కొలిస్తే అంకె ముద్దుగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కొలవాలి. కొండ పక్క ఎర్ర గరుసు నేల, రాతి నేల ఉన్నవాళ్లకి ఎండాకాలంలో ఎర్తు ఆవిరైపోతుంది. రెండున్నర మీటర్ల పైపు దించడానికి రాయి అడ్డొస్తే మీటరున్నరకే కోసేసి పైన సిమెంటు మూత పెట్టేసిన గోతులు నేను చూశాను. మూత మీద ఎర్తు గుర్తు ఎర్ర రంగుతో ఎంత చక్కగా వేస్తారో!

"ఆర్‌సీసీబీ పెట్టించాం, మాటిమాటికీ పడుతోందని తీయించేశాం" అనేవాళ్లూ ఎక్కువే. అది ఊరికే పడదు. నేను చూసిన వాటిలో చాలా మటుకు కారణం ఒక్కటే: షెడ్డు లైటుకి ఫేజు కొత్త లైను నుంచి, న్యూట్రలు పాత లైను నుంచి. వెళ్లింది ఒక దారి, వచ్చింది ఒక దారి అయితే తేడా రాక ఏమవుతుంది? లేదంటే షెడ్డు బోర్డులో న్యూట్రలునీ ఎర్తునీ ఒకే బార్ మీద కలిపేసి ఉంటారు. ఆ రెండూ షెడ్డులో ఎక్కడా కలవకూడదు. న్యూట్రలు కట్ అయితే ఎర్తు వైరునే న్యూట్రలుగా వాడి మోటారు తిప్పే ఘనులు కూడా ఉన్నారు, వాళ్ల గురించి ఏం రాయను. ఇవేవీ కాకపోతే బయటి సాకెట్టులో నీళ్లు, లేదా నిజంగానే లీకు. పెట్టె తీసేస్తే లీకు పోదు, పడటమే పోతుంది.

ఆర్‌సీసీబీలు ఇంటి దగ్గర ఒకటి, షెడ్డులో ఒకటి ఉండాలి. షెడ్డులో 30 మిల్లీ ఆంపియర్లది. ఇంటి దగ్గర, కేబులు బయల్దేరే చోట 100 లేదా 300ది, కొంచెం ఆగి పడే రకం. అలాగైతే షెడ్డులో తేడా వస్తే షెడ్డు వరకే పోతుంది, ఇంట్లో ఫ్రిజ్జు ఆగదు. కేబులే దెబ్బతింటే మాత్రం ఇంటి దగ్గరిది పడుతుంది. ఆర్‌సీసీబీ ఓవర్ లోడుకి పడదు కాబట్టి దానితోపాటు ఎంసీబీ ఎలాగూ ఉండాలి. కారు చార్జరుకైతే ఇంకో మెలిక ఉంది. చార్జరులో డీసీ లీకు వస్తే మామూలు ఏసీ రకం ఆర్‌సీసీబీ మొద్దుబారిపోతుంది, పడాల్సినప్పుడు పడకపోవచ్చు. చార్జరులోనే 6 మిల్లీ ఆంపియర్ల డీసీ రక్షణ ఉంటే ఎ రకం చాలు, లేకపోతే బి రకం కావాలి. బి రకం ఖరీదు వింటే గుండె ఆగుతుంది. అందుకే చార్జరు కొనేటప్పుడే అందులో ఆ రక్షణ ఉందో లేదో కాగితం మీద చూపించమనండి.

కేబులు నడిచే దారి గురించి మీ వ్యాసంలో మాటే లేదు. మేడ పిట్టగోడ నుంచి షెడ్డు కప్పు మీదికి జీఐ తీగ కట్టి, దానికి వైరు చుట్టి గాల్లో వేలాడదీయడం మన దగ్గర మామూలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన పూట ఊళ్లో ఉన్నవాళ్లెవరైనా ఆ పని చేయిస్తారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కొబ్బరిచెట్టు పడనక్కర్లేదు, ఎగిరొచ్చిన రేకు ముక్క చాలు. ఆ తుఫాను తర్వాతే కదా ప్రపంచ బ్యాంకు అప్పుతో నగరంలో కరెంటు లైన్లని భూమిలోకి దించే పని పెట్టారు! వీధిలో లైను కిందికి దిగుతుంటే మన పెరట్లోది గాల్లో ఊగుతోంది.

నేలలో వేసేటప్పుడు ఆర్మర్డు కేబులే వేయాలి. ముప్పావు మీటరు లోతు, కింద ఇసుక, పైన ఇసుక, దాని మీద వరసగా ఇటుకలు, పైన హెచ్చరిక టేపు. రేపు ఎవరైనా మొక్క కోసం గునపం దించితే ముందు ఇటుక తగలాలి. ఒట్టి పీవీసీ పైపులో ఇంటి వైరు దూర్చి జానెడు లోతులో పూడ్చేస్తే గునపం దాకా అక్కర్లేదు, పందికొక్కులు చూసుకుంటాయి. రాయి వల్ల లోతు దొరకని కొండవాలు స్థలాల్లో, కాంపౌండు గోడ వెంబడి క్లాంపులు కొట్టి అదే ఆర్మర్డు కేబులు తీసుకెళ్లడం మంచిది. రెండు చివర్లా గ్లాండు (కేబులు బోర్డులోకి దూరే చోట దాన్ని పట్టి ఉంచే బిగింపు) బిగించి, కేబులు మీది ఇనప తీగల పొరని ఎర్తుకి కలపాలి. గ్లాండు బదులు కన్నంలో గుడ్డ కుక్కిన బోర్డులు చూసి చూసి విసుగొచ్చింది. ఇంటి ఎర్తు నుంచి ఒక తీగ కేబులు వెంట షెడ్డు దాకా రావాలి, షెడ్డు దగ్గర ఇంకో ఎర్తు వేసి దానికి కలపాలి. షట్టరు, ఇనప స్తంభాలు, నీళ్ల పైపు ఏదున్నా అక్కడికే కట్టాలి. సముద్రం దగ్గర జీఐ పైపు ఎర్తులు కొన్నేళ్లకే తుప్పుపట్టి చిక్కిపోతాయి. అక్కడివాళ్లు రాగివి వేయించుకోవడం నయం.

ఓడ జెట్టీకి కట్టినప్పుడు ఒడ్డు నుంచి దానికి సప్లై ఇస్తాం. షోరు సప్లై అంటారు. వందల ఆంపియర్లు, లావు కేబుళ్లు, ఓడంతా ఇనుమే. స్విచ్చి వేసేముందు కేబులుకి మెగ్గరు పెట్టి ఇన్సులేషను చూస్తాం, ఓడ బాడీకీ ఒడ్డు ఎర్తుకీ కనెక్షను ఉందో లేదో చూస్తాం, ఒడ్డున ఒకడు, ఓడ మీద ఒకడు నిలబడి మాట అనుకున్నాకే వేస్తాం. రాసి సంతకం పెడతాం. మేం ఏదో గొప్పవాళ్లమని కాదు, సప్లై ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి దాటుతోందంటే అవతలి వైపుని కొత్త ఇన్‌స్టలేషనుగా చూడాలన్నది మాకు మొదటి రోజు నుంచీ నేర్పేవారు. పెరట్లో ఇనప షెడ్డూ అంతే. దానికి సొంత బోర్డు, సొంతంగా ఫేజునీ న్యూట్రలునీ కలిపి కట్ చేసే స్విచ్చి, సొంత రక్షణ ఉండాలి. ఇంట్లో ఏదో గది మూల నుంచి పొడిగించిన ప్లగ్గు పాయింటు కాకూడదు.

షెడ్డులో జనరేటరు పెట్టుకునే అలవాటు హుద్‌హుద్ తర్వాత బాగా పెరిగింది. మంచిదే. కానీ రెండు వైపులా పిన్నులున్న వైరు చేసి, జనరేటరు నుంచి షెడ్డు సాకెట్టులోకి గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్లున్నారు. మెయిను దింపడం మరిస్తే ఆ కరెంటు మీటరు దాటి వీధి లైనులోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మరుకి ఎదురెక్కుతుంది. 230 వోల్టులు అవతల వేల వోల్టులవుతాయి. కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మాన్‌కి ఇల్లూ పిల్లలూ ఉంటారు. చేంజోవరు స్విచ్చి (ఒకసారికి వీధి లైనో జనరేటరో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) లేకుండా జనరేటరు జోలికి పోవద్దు.

ఇంకా రెండు కాగితం పనులు. ఇంటి దగ్గర సొంత కారు చార్జింగు పెట్టుకోవచ్చని 2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, దానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. కానీ 3 కిలోవాట్ల లోడుకి తీసుకున్న సర్వీసు మీద 7.4 కిలోవాట్ల చార్జరు పెట్టి, దానికి ఏసీలు తోడైతే, మన బోర్డు ఎంత బాగున్నా స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, మీటరు తట్టుకోవాలి కదా. ముందు అదనపు లోడుకి దరఖాస్తు పెట్టండి, అవసరమైతే త్రీ ఫేజు తీసుకోండి. షెడ్డుని వెల్డింగు కొట్టుకి అద్దెకిచ్చి ఇంటి మీటరు మీదే నడిపించేవాళ్లు కనెక్షను కేటగిరీ (ఇంటిదా, వ్యాపారానిదా) సంగతి కూడా చూసుకోవాలి. రెండోది, ఈ పని ఎవరు చేయాలన్నది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుకోవడం వరకు ఎవరైనా చేసుకోవచ్చు. కొత్త లైను లాగడం, ఉన్నదాన్ని పెంచడం మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరు, పర్మిటున్న మనిషి చేతే చేయించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. 2010 నాటి వాటిలోనూ ఉంది, 2023లో కొత్తగా ఇచ్చిన వాటిలోనూ ఉంది. పర్మిటు చూపించమని అడిగితే నొచ్చుకునే మేస్త్రీని ఇంకో పనికి పెట్టుకోండి.

మా బావమరిది షెడ్డుకి అన్నీ మళ్లీ చేయించాం. కంప్రెసరు బాక్సు, ఎర్తు, రెండు చోట్లా ఆర్‌సీసీబీలు. 6 స్క్వేరు వైరు మాత్రం అలాగే ఉంచాం. వాడి దూరానికీ, లోడుకీ అది సరిపోతుంది. వాడికి అందులోనే పెద్ద ఆనందం, "చూశావా, నా వైరు బాగానే ఉంది" అంటాడు. నెలకోసారి టెస్టు బటను నొక్కమని చెప్పాను. నొక్కుతున్నాడో లేదో అని మా చెల్లెలికి కూడా చెప్పాను.

మీకు నా మనవి ఏమిటంటే, ఆ వ్యాసానికి దిద్దుబాటుగా వచ్చే ఆదివారం నాలుగు వాక్యాలైనా వేయండి. ఎర్తు లెక్క ఒకటి, ఆర్‌సీసీబీ ఒకటి, కేబులు దారి ఒకటి, పర్మిటున్న మనిషి ఒకటి. చార్జర్ల ప్రకటనలు అదే పేజీలో వేస్తున్నారు కాబట్టి, వాటి పక్కనే పెడితే చదివేవాళ్లు చదువుతారు.

ఇట్లు,
రిటైర్డు ఎలక్ట్రికల్ ఫిట్టరు,
మర్రిపాలెం, విశాఖపట్నం